కుక్క హద్దు దాటకుండా: గోడ, కనిపించని తీగ, శిక్షణ

మా టైగర్ పారిపోయిన రోజు గేటు వేసే ఉంది. గోడ ఐదడుగుల పైనే. ఎలా వెళ్ళిందో అంతుపట్టక సాయంత్రం దాకా వెతికాను. చివరికి అదే తిరిగొచ్చింది. గోడ పక్కనున్న పూలకుండీ అంచు మీద బురద కాళ్ళ గుర్తులు అప్పుడు కనిపించాయి. కుండీ మీదకో గెంతు, గోడ మీదకో గెంతు, అంతే. మూడు నెలలుగా కుండీ అక్కడే ఉంది. నాకది కుండీ, దానికి మెట్టు.

ఆ కంగారులో వెంటనే ఎలక్ట్రానిక్ కంచె కొనేశాను. నేలలో పాతిన తీగ దగ్గరికెళ్తే కుక్క మెడలోని కాలర్ ముందు బీప్ అని, తర్వాత షాక్ ఇచ్చే రకం అది. పెట్టెలోని పుస్తకం సగం చదివి, ఒక్క పూటలో తీగ పరిచి, అదే సాయంత్రం కాలర్ కట్టి వదిలాను. టైగర్ ఉత్సాహంగా పరుగెత్తింది, హద్దు దగ్గర షాక్ తగిలింది, కుయ్యిమని అరిచి ముందుకే దూకింది. అంటే బయటికి. ఇక లోపలికి రమ్మంటే రాదు, వస్తే మళ్ళీ షాక్ కదా. నేను బయటికి వెళ్ళి కాలర్ విప్పి ఎత్తుకుని తీసుకొచ్చాను. తర్వాత పది రోజుల పాటు వాకిట్లో కాలు పెట్టడానికే భయపడింది. పరికరంలో లోపం ఏమీ లేదు. బీప్ అంటే వెనక్కి తిరగమని అర్థం అన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే నా లెక్కలో తీగ పరచడం ఒక రోజు పని, నేర్పడం నెల రోజుల పని. ఆ నెల కేటాయించలేకపోతే డబ్బు గోడ మీద పెట్టడం మేలు.

1. ముందు అది ఎందుకు వెళ్తోందో కనుక్కోండి

దీన్ని అందరూ దాటేస్తారు. రెండు మూడు రోజులు కిటికీ దగ్గర కూర్చుని చూడండి, కుదరకపోతే పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టండి. ఏ వేళకి వెళ్తోంది, ఎక్కడినుంచి, వెళ్ళేముందు ఏం చేస్తోంది?

ఇంట్లో అందరూ బయటికెళ్ళిన అరగంటకి తవ్వడం మొదలుపెడితే అది విసుగు, లేదా ఒంటరితనం. పొద్దున ఓ అరగంట నడక, నమిలే బొమ్మ, వాసన పట్టి వెతుక్కునేలా దాచిన తిండి ఇస్తే చాలా కుక్కలు సాయంత్రం దాకా పడుకుంటాయి. ఆపరేషన్ చేయించని మగకుక్క ఎదలో ఉన్న ఆడకుక్క వాసన పట్టి వెళ్తుంటే ఏ తీగా సరిగ్గా ఆపలేదు. పశువైద్యుడితో మాట్లాడి ఆపరేషన్ చేయిస్తే తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. పిల్లి, ఉడుత, బండి కనిపించగానే దూసుకెళ్ళేది వేట బుద్ధి. దీనికి శిక్షణే ఎక్కువ కావాలి.

నాలుగోది భయం. ఉరుములు, టపాసుల మోతకి కుక్క కళ్ళు మూసుకుని పారిపోతుంది. అలాంటి కుక్కకి షాక్ కాలర్ కట్టకండి. అసలే భయపడుతున్న దానికి ఇంకో భయం కలుస్తుంది, అది ఎటు పరుగెత్తుతుందో చెప్పలేం. దానికి ఇంట్లో మూసిన గదే కంచె.

ఇంకో మాట. ఒకసారి బయటపడి హాయిగా తిరిగొచ్చిన కుక్కకి ఆ తిరుగుడే బహుమతి. నాలుగుసార్లు అలా జరిగితే అలవాటైపోతుంది. కాబట్టి శిక్షణ నడిచినన్నాళ్ళూ కట్టేసో, పక్కన ఉండో, మొత్తానికి ఒక్కసారి కూడా బయటపడనివ్వకండి.

2. కుక్క ఎత్తుకి వంగి హద్దు చుట్టూ నడవండి

నవ్వులాటకి చెప్పట్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే గేటు కింద సందు ఎంతుందో, పొద చాటున కంచె ఎక్కడ వదులైందో తెలుస్తుంది. తల దూరిన చోట ఒళ్ళు దూరుతుందని లెక్కేసుకోండి. గోడకి ఆనించిన కుండీలు, ఇటుకలు, కుర్చీలు, వాటర్ ట్యాంక్ మెట్లు ఓ రెండు మీటర్లు ఇవతలికి జరపండి.

తవ్వే కుక్కకి చవకైన మందు ఒకటుంది. కంచె అడుగున ఇనుప జాలీని లోపలివైపుకి అడుగు, అడుగున్నర మేర నేల మీద పడుకోబెట్టి, కంచెకి కట్టి, పైన మట్టి కప్పండి. కుక్క మామూలుగా కంచె మొదట్లోనే తవ్వుతుంది. గోళ్ళకి జాలీ తగలగానే ఆపేస్తుంది, ఒక అడుగు వెనక్కి వచ్చి మొదలుపెడదామని దానికి తోచదు. ఎక్కే కుక్కకి కంచె పైన అడ్డంగా తిరిగే గొట్టం బిగిస్తారు. కాళ్ళు పట్టు దొరక్క జారి కింద పడుతుంది. గెంతే పెద్ద కుక్కలకి ఆరడుగుల ఎత్తు ఉంటే నయం, అవతలివైపు కనబడకపోతే ఇంకా నయం.

చాలా ఇళ్ళకి ఇంతటితో సరిపోతుంది. పూర్తిగా గోడ కట్టలేని పెద్ద స్థలం, లేదా గేటు పెట్టడానికి వీల్లేని దారి ఉన్నవాళ్ళే ముందుకి చదవాలి. అయితే ఐదో అంచెలో చెప్పిన గేటు శిక్షణ మాత్రం అందరికీ కావాలి.

3. ఎలక్ట్రానిక్ కంచె ఎలా పనిచేస్తుంది, ఏది ఎవరికి

అమెరికాలో రిచర్డ్ పెక్ అనే ఆయన 1973లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచీ మూల సూత్రం మారలేదు. ఇంట్లో సిగ్నల్ పంపే ట్రాన్స్‌మీటర్, దాన్నుంచి బయల్దేరి స్థలం చుట్టూ తిరిగి మళ్ళీ దాని దగ్గరికే వచ్చే తీగ. తీగలో తక్కువ పౌనఃపున్యం ఉన్న రేడియో సిగ్నల్ నడుస్తుంది. కాలర్‌లోని రిసీవర్ ఆ సిగ్నల్‌ని పట్టుకుని మొదట బీప్ అంటుంది, ఇంకా దగ్గరికెళ్తే మెడకి ఆనిన రెండు లోహపు మొనల ద్వారా చిన్న షాక్ ఇస్తుంది. తీగని తాకితే ఏమీ కాదు, షాక్ పుట్టేది కాలర్ బ్యాటరీలోంచే.

తీగ లేని రకంలో ట్రాన్స్‌మీటర్ చుట్టూ గుండ్రటి వలయం ఏర్పడుతుంది. ప్లగ్ పెడితే చాలు, పని అయిపోయినట్టే. కానీ మన స్థలాలు గుండ్రంగా ఉండవు కదా. పైగా రేకుల కప్పు, ఇనుప తలుపులు, ఏటవాలు నేల, ఆగిన పెద్ద బండి, అన్నీ ఆ వలయాన్ని వంకరలు తిప్పుతాయి. నిన్నటి హద్దు ఇవాళ మీటరు ఇటు జరిగితే కుక్క ఏం నేర్చుకుంటుంది?

మూడోది జీపీఎస్ కాలర్. ఫోన్‌లో మ్యాప్ మీద గీత గీస్తే అదే హద్దు. తోటలు, పొలాలున్న వాళ్ళకి బాగుంటుంది. జీపీఎస్ చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, చెట్ల కింద, ఎత్తు భవనాల పక్కన ఇంకా ఎక్కువ. అందుకే గీతని అసలు హద్దుకి బాగా లోపల గీయాలి. చిన్న వాకిలిలో అలా గీస్తే కుక్క తిరగడానికి మిగిలేదేమీ ఉండదు. ఫోన్‌లాగే దీన్నీ తరచూ ఛార్జింగ్ పెట్టాలి, ఒక్క రోజు మర్చిపోయారా, ఆ రోజు కంచె లేనట్టే.

మామూలు ఇంటి స్థలానికి తీగ రకమే నమ్మకం. మిగతా రెండూ సౌకర్యం కోసం కొనేవి.

కొనేముందు ఓ సంగతి చూసుకోండి. షాక్ కాలర్లని బ్రిటన్‌లోని వేల్స్ 2010లో నిషేధించింది. జర్మనీ, ఆస్ట్రియాల్లోనూ నిషేధం ఉంది. మీరున్న చోట చట్టం ఏమంటోందో కనుక్కోండి. చట్టం ఒప్పుకున్నా, బీప్ లేదా వైబ్రేషన్ మాత్రమే వాడి షాక్ ఆఫ్ చేసుకునే వీలున్న మోడల్ తీసుకోమంటాను. టైగర్‌కి రెండోసారి నేర్పినప్పుడు నేను చేసింది అదే. కుక్కల శిక్షణకి బహుమతి పద్ధతులే వాడమని అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2021లో స్పష్టంగా చెప్పింది.

ఆరు నెలల లోపు పిల్లలకి, పిరికి కుక్కలకి, ఇప్పటికే మనుషుల మీదకి ఎగబడే కుక్కలకి షాక్ కంచె పనికిరాదు.

4. తీగ పరచడం, కాలర్ కట్టడం

ముందు కాగితం మీద స్థలం గీసి చుట్టుకొలత వేయండి. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై వెడల్పు ఉంటే చుట్టుకొలత వంద మీటర్లు. మలుపులకి, ఇంటి దాకా వచ్చే జోడు తీగకి కలిపి ఓ పాతిక శాతం ఎక్కువ కొనండి. లోపల ఒకే రాగి కమ్మి ఉన్న తీగ తీసుకోండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది, 20 కన్నా 16 లేదా 14 ఎక్కువ కాలం మన్నుతుంది.

తీగ ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. గంటకి 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కుక్క సెకనుకి పది మీటర్లు వెళ్తుంది. బీప్, షాక్ కలిపి రెండు మీటర్ల పట్టీ ఉందనుకుందాం, దాన్ని అది సెకనులో ఐదో వంతులో దాటేస్తుంది. బీప్ వినేలోపే అవతల ఉంటుంది. కాబట్టి రోడ్డు వైపు తీగని రోడ్డు అంచున పెట్టకుండా కనీసం మూడు మీటర్లు లోపలికి తీసుకోండి, ట్రాన్స్‌మీటర్‌లో పట్టీ వెడల్పు పెంచండి.

పాతిపెట్టే ముందు తీగని నేల మీదే పరిచి, రెండు కొసలూ ట్రాన్స్‌మీటర్‌కి తగిలించి పరీక్షించండి. కాలర్ చేత్తో పట్టుకుని కుక్క మెడ ఎత్తులో హద్దు పొడవునా నడుస్తూ బీప్ ఎక్కడ మొదలవుతోందో చూడండి. మీ వేళ్ళు మొనలకి తగలనివ్వకండి, పెట్టెతో వచ్చే టెస్ట్ లైట్ వాడండి. కుదిరాక రెండు మూడు అంగుళాల లోతున గాడి చేసి తీగ దించి మట్టి కప్పండి. కంచె ఉన్న చోట దానికే కట్టేసినా సరిపోతుంది.

మూలల దగ్గర తీగని నిలువుగా విరవకుండా గుండ్రంగా తిప్పండి, పదునైన మూలలో సిగ్నల్ బలహీనపడుతుంది. ఇంటి నుంచి హద్దు దాకా వెళ్ళే రెండు తీగల్నీ అడుగుకి పది పన్నెండు మెలికలు పడేలా పురిపెట్టండి. ఎదురెదురు దిశల్లో వెళ్ళే సిగ్నళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కుక్క ఆ తీగ మీదుగా నిర్భయంగా నడవచ్చు. అదే సూత్రం తిరగబడి దెబ్బతీసే చోటు కూడా ఉంది. ముందువైపు ఒక్కటే కాపాడాలని తీగని వెళ్ళి తిరిగొచ్చేలా వేస్తే, వెళ్ళే వరసకీ వచ్చే వరసకీ మధ్య కనీసం ఐదడుగులు ఎడం ఉండాలి. లేకపోతే అక్కడ కంచె ఉన్నట్టే ఉంటుంది, పనిచేయదు. కరెంటు తీగల పక్కనే సమాంతరంగా వేయకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

తీగ తనంతట తాను చెడిపోయేది ఎక్కువగా అతుకు దగ్గరే. నీరు దూరని జెల్ నింపిన కనెక్టర్ వాడి, అతుకు ఎక్కడుందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత ఆ కాగితం బంగారం.

కాలర్ సంగతి. రెండు మొనలూ చర్మానికి తాకాలి, బొచ్చుకి కాదు. దట్టమైన బొచ్చుంటే పొడవు మొనలు బిగించండి, లేదా అక్కడ కాస్త కత్తిరించండి. కాలర్ కింద ఒక వేలు దూరాలి, వదులుగా తిరగకూడదు. తాడుని మాత్రం ఎప్పుడూ ఈ కాలర్‌కి కట్టకండి. లాగినప్పుడు మొనలు గుచ్చుకుంటాయి. తాడు కోసం వేరే మామూలు పట్టీ గానీ, ఛాతీ పట్టీ గానీ ఉండాలి.

5. నేర్పడం

హద్దు పొడవునా బీప్ మొదలయ్యే చోట రెండు మూడు మీటర్లకొకటి చొప్పున చిన్న జెండాలు గుచ్చండి. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు చాలు. మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

మొదటి వారం షాక్ మాటే వద్దు. బీప్ మాత్రం ఉంచండి, షాక్ ఆఫ్ చేసే వీలు లేకపోతే మొనలకి ప్లాస్టిక్ తొడుగులు వేయండి. తాడుతో కుక్కని జెండా వైపు నడిపించండి. బీప్ రాగానే ఉత్సాహంగా "ఇటు రా!" అంటూ మీరే రెండడుగులు వెనక్కి వేయండి. అది మీ వైపు తిరిగిన క్షణమే మెచ్చుకుని, దానికి ప్రాణమైన తిండి ముక్క ఇవ్వండి. ముక్క గోరంతే ఉండాలి, రుచి మాత్రం మామూలు అన్నంకన్నా మెరుగ్గా ఉండాలి. తాడుతో ఈడ్వకండి, తిట్టకండి. జెండా దగ్గర తిట్లు తింటే అది హద్దుని కాకుండా మిమ్మల్ని చూసి భయపడుతుంది.

రెండో రోజో మూడో రోజో ఒక దృశ్యం చూస్తారు. బీప్ వినగానే చెవులు వెనక్కి వాలతాయి, ముందు కాలు గాల్లోనే ఆగుతుంది, మీరు పిలవకముందే తల మీ వైపు తిరుగుతుంది. ఎదురుచూడాల్సింది దీని కోసమే. పదిసార్లలో ఎనిమిది సార్లు ఇలా తిరిగేదాకా తర్వాతి మెట్టుకి వెళ్ళకండి. ఒకే మూల దగ్గర కాకుండా హద్దు అంతటా చేయించండి, కుక్కలు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట మర్చిపోయినట్టే ఉంటాయి.

షాక్ వాడాలనుకుంటే అతి తక్కువ లెవెల్‌తో మొదలుపెట్టండి. చెవి కదిలినా, మెడ గోక్కున్నా చాలు, తెలిసినట్టే. కుయ్యిమన్నా, తోక ముడిచినా ఎక్కువైంది. ఒక పూటలో ఒకటి రెండుసార్లకి మించనివ్వకండి. తగలగానే లోపలికి పిలిచి వాకిలి మధ్యలో ఆడించండి. లోపలి స్థలం హాయిగా ఉంటుందని దానికి గుర్తుండాలి.

తర్వాత పరీక్షలు. పది మీటర్ల తాడు మీ చేతిలో ఉండగా ఇంట్లోవాళ్ళు ఒకరు హద్దు అవతల నిలబడాలి, పిలవకూడదు. వాళ్ళ పిలుపుకి వెళ్ళి మోసపోయానని కుక్క అనుకోకూడదు కదా. ఆ తర్వాత బంతి అవతలికి దొర్లించండి, ఇంకో కుక్కని దూరం నుంచి నడిపించండి. ఆగి మీ వైపు వచ్చిందా, బహుమతి పెద్దది. దాటబోయిందా, తాడుతో మెల్లగా ఆపి, రేపు ఇంకా తేలికైన పరీక్ష పెట్టండి.

ఆపైన తాడు నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి, తర్వాత తాడు లేకుండా మీరు పక్కనుండగా, తర్వాత కిటికీలోంచి చూస్తూ. జెండాలు ఒక్కసారిగా పీకేయకుండా, నాలుగైదు రోజులకోసారి ఒకటి విడిచి ఒకటి తీయండి.

గేటు శిక్షణ ఏ కుక్కకైనా, ఏ పరికరం లేకుండా నేర్పవచ్చు. కుక్కని కూర్చోబెట్టి గేటు గడియ మీద చెయ్యి వేయండి. లేచిందా, చెయ్యి తీసేయండి. మాట వద్దు. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ చెయ్యి. కదలకుండా ఉంటే ముక్క. తర్వాత గడియ తీయండి, తర్వాత జానెడు తెరవండి, తర్వాత మూరెడు. లేచిన ప్రతిసారీ గేటు మూసుకుంటుంది, కూర్చున్న ప్రతిసారీ తెరుచుకుంటుంది. వారం పదిరోజుల్లో గడియ చప్పుడే "కూర్చో" అన్న మాటగా మారిపోతుంది. తాడు మాత్రం ఇన్నాళ్ళూ కట్టే ఉంచండి. వచ్చేపోయే వాళ్ళు గేటు తెరిచి వదిలేసే ఇళ్ళల్లో ఇదే ప్రాణం కాపాడుతుంది.

నడకకి తీసుకెళ్ళేటప్పుడు ఎలక్ట్రానిక్ కాలర్ విప్పి, ఎప్పుడూ ఒకే చోటునుంచి, ఒకే మాట చెప్పి దాటించండి. "పద బయటికి" అంటే మీతో కలిసి వెళ్ళవచ్చు, ఆ మాట లేకపోతే హద్దు హద్దే. పెద్ద కుక్క మొదట్లో మొరాయిస్తే బండిలో ఎక్కించి దాటించండి. బలవంతంగా లాగితే నేర్పినదంతా మట్టిలో కలుస్తుంది.

6. ఇది చేయలేని పనులు

తీగ మీ కుక్కని లోపల ఉంచవచ్చు గానీ, ఊరకుక్కని, దొంగని, రాయి విసిరే పిల్లల్ని బయట ఉంచలేదు. మీ కుక్క పారిపోలేని చోట వేరే కుక్క వచ్చి దాడి చేస్తే దానికి దారి ఉండదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీగ మీదే వదిలేసి వెళ్ళకండి.

ఉత్సాహం షాక్‌ని మింగేస్తుంది. అమెరికాలో ఒహాయో పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఎలక్ట్రానిక్ కంచెలున్న కుక్కల్లో 44 శాతం ఎప్పుడో ఒకప్పుడు తప్పించుకున్నాయని తేలింది. మామూలు కంచె ఉన్నవాటిలో అది సుమారు 23 శాతం. నేను గోడనే ముందు చెప్పడానికి ఇదొక కారణం.

రెండో ప్రమాదం ఇంకా చిక్కు. హద్దు దగ్గరికొచ్చిన మనిషిని చూసి కుక్క ముందుకెళ్తుంది, షాక్ తగులుతుంది. నొప్పికి కారణం తీగ అని దానికి తెలియదు, ఎదురుగా ఉన్న మనిషే అనుకోవచ్చు. ఇలాంటి వ్యవస్థల్లో ఉన్న కుక్కలు మనుషుల్ని తీవ్రంగా కరిచిన సంఘటనల్ని రిచర్డ్ పోల్‌స్కీ అనే ప్రవర్తన నిపుణుడు 2000లో విశ్లేషించాడు. మీ కుక్క హద్దు దగ్గర ఎవరినైనా చూసి గుర్రుమనడం కొత్తగా మొదలైతే షాక్ ఆ రోజే ఆపేయండి, నిపుణుడికి చూపించండి.

7. ఆ తర్వాత

వారానికోసారి టెస్ట్ లైట్‌తో కాలర్, తీగ చూడండి. పెద్ద ఉరుముల వాన పడిన మర్నాడు తప్పకుండా చూడండి, పిడుగు తీగ వెంట వచ్చి ట్రాన్స్‌మీటర్‌ని కాల్చేయగలదు. ఉరుములు మొదలవకముందే ట్రాన్స్‌మీటర్ నుంచి తీగ విప్పేయడం, లేదా ఒక్కసారిగా ఎగిసే కరెంటు నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టడం మంచిది. ట్రాన్స్‌మీటర్ అదేపనిగా అరుస్తుంటే తీగ ఎక్కడో తెగింది. మొన్న పార పెట్టిన చోటు ముందు చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ వేయించండి. మామూలు పట్టీ మీద మీ ఫోన్ నంబర్ పెద్ద అంకెల్లో ఉండనివ్వండి. మైక్రోచిప్ చదవాలంటే స్కానర్ కావాలి, నంబర్ చదవడానికి కళ్ళు చాలు.

ఎలక్ట్రానిక్ కాలర్ రోజుకి 12 గంటలకి మించి ఉంచకండి, రాత్రి తీసేయండి. పగలు కూడా గంట రెండు గంటలకోసారి మొనలున్న చోటు కాస్త జరపండి. ఒకే చోట నొక్కుకుపోతే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది, చూసినవాళ్ళు షాక్‌కి కాలిందనుకుంటారు. వారానికోసారి మెడనీ మొనల్నీ తడిబట్టతో తుడవండి. రాత్రి కాలర్ విప్పినప్పుడు బొచ్చు పాయ తీసి వేళ్ళతో మెడంతా తడమండి. ఎర్రగా కనిపించినా, తడిగా తగిలినా అక్కడ మానేదాకా కాలర్ ముట్టుకోకండి. ఆ రోజుల్లో తాడు ఉండనే ఉంది.